ఒకసారికి ఒక్క మార్పే
(పాత గిటార్ పెడల్ నేర్పే పని పద్ధతి)

మచిలీపట్నంలోనో గుడివాడలోనో అవనిగడ్డలోనో గిటారు వాయించే కుర్రవాణ్ణి పలకరించి చూడండి. చర్చిలో క్వయర్‌తో వాయించేవాడైనా, పెళ్లి ఆర్కెస్ట్రాకు వెళ్లేవాడైనా, ఇంట్లో ఒక్కడే సాధన చేసుకునేవాడైనా మాటల మధ్య ఒక కోరిక బయటపెడతాడు. "మంచి పెడల్ ఒకటి ఉంటే నా వాయింపే వేరుగా ఉండేదండీ" అంటాడు. పెడల్ అంటే గిటారు ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె. మంచి పెడల్ అంటే అతని దృష్టిలో కొత్తది, ఖరీదైనది, హైదరాబాదు నుంచో చెన్నై నుంచో తెప్పించుకోవలసింది. ఆ డబ్బు చేతికొచ్చేదాకా సాధన సగం మనసుతోనే సాగుతుంది. ఈలోపు ఎవరో వాడి పక్కన పెట్టిన పాత పెడల్ చవగ్గా దొరికినా, "దాంతో ఏమవుతుందిలే" అని వదిలేస్తాడు.

ఆ పాత పెడలే కొనమని ఈ అధ్యాయం చెబుతుంది. కొని, మూత విప్పి, లోపల ఏముందో తెలుసుకుని, మీ వాయింపుకు తగ్గట్టు మార్చుకోమంటుంది. ఇందులో డబ్బు మిగులుతుంది, నిజమే. అంతకంటే విలువైనది మీలో స్థిరపడే పద్ధతి. ఏం కావాలో ముందే తేల్చుకోవడం, ఒకసారికి ఒక్కటే మార్చడం, ఫలితాన్ని నిజాయితీగా వినడం, నచ్చకపోతే వెనక్కి వెళ్లగలిగేలా పని చేయడం. ఈ నాలుగూ అలవాటైనవాడికి తర్వాత ఏ పని అప్పగించినా నెట్టుకొస్తాడు.

గుడివాడ వేదిక మీద మేండలిన్

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడు మేండలిన్ మీద తన తొలి కర్ణాటక సంగీత కచేరీ చేశాడు. పాలకొల్లులో పుట్టిన ఆ పిల్లవాడే ఉప్పలపు శ్రీనివాస్, తర్వాత లోకమంతా గుర్తుపట్టిన మేండలిన్ శ్రీనివాస్.

మేండలిన్ మన సంగీతం కోసం పుట్టిన వాద్యం కాదు. దానికి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం ఎంతోసేపు నిలవదు. గమకం పలికించాలంటే రెండు తీగలనూ సమానంగా లాగాలి, అది చాలా కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మేండలిన్ ఎంచుకున్నారు, నాలుగు జంటల స్థానంలో ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. ఒంటి తీగ వేలికి లొంగింది. అదనపు తీగతో మంద్రస్థాయి అందింది. విద్యుత్తుతో నాదం నిలిచింది. 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మేండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగ మీద పలికించేవాడు. అంటే ఎలా పలకాలన్నది ముందు చెవికి తెలిసింది, వాద్యం ఆ తర్వాత దానికి తగ్గట్టు మారింది. పెడల్ విషయంలో మీరు పాటించవలసిన వరుస కూడా ఇదే.

విచిత్రంగా అదే 1978లో జపానులో బాస్ కంపెనీ డీఎస్-1 అనే డిస్టార్షన్ పెడల్ విడుదల చేసింది. అది ఈనాటికీ తయారవుతూనే ఉంది. అమెరికాలో రాబర్ట్ కీలీ అనే ఆయన అలాంటి మామూలు పెడల్స్ మూత విప్పి, కొన్ని భాగాలు మార్చి ఇవ్వడంతో పేరు తెచ్చుకుని సొంత కంపెనీ పెట్టుకున్నారు. కాబట్టి ఇంట్లో బల్ల మీద పెడల్ మార్చుకోవడం గతిలేనివాడి పని అనుకోకండి. లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునేవాడి పని అది.

మూత విప్పే ముందు నోటుపుస్తకం తెరవండి

మొదట మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. నేను ఎక్కడ వాయిస్తాను? ఇప్పుడున్న ధ్వనిలో నాకు నచ్చనిది ఏమిటి? నచ్చినది, పోగొట్టుకోకూడనిది ఏమిటి?

మొదటి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ సగం సమాధానం అందులోనే ఉంటుంది. మన దగ్గర చాలా చర్చిల్లో, ఆర్కెస్ట్రాల్లో గిటారుకు వేరే ఆంప్లిఫయర్ ఉండదు. గిటారు నుంచి పెడల్, పెడల్ నుంచి నేరుగా మిక్సర్, అక్కడి నుంచి సౌండ్ బాక్సులు. గిటార్ ఆంప్లిఫయర్‌లో ఉండే స్పీకర్ సుమారు 5 వేల హెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా తగ్గించేస్తుంది. సౌండ్ బాక్సుల్లోని ట్వీటర్ అలా కాదు, అన్నిటినీ బయటికి పంపిస్తుంది. అందుకే ఇంట్లో ఆంప్లిఫయర్ మీద బాగా వినిపించిన డిస్టార్షన్, పెద్ద బాక్సుల్లో జుయ్‌మని చెవిలో గుచ్చుకుంటుంది. తప్పు పెడల్‌ది అనుకుని ఇంకొకటి కొంటారు, అదీ అలాగే రొద పెడుతుంది. ముందుగా టోన్ నాబ్ బాగా తగ్గించి, మిక్సర్‌లో పై స్థాయి తగ్గించి చూడండి. చాలాసార్లు అక్కడే సగం బాధ తీరుతుంది. అది సరిపోకపోతే స్పీకర్ ధ్వనిని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేటర్ ఉన్న ప్రాసెసర్‌ను పెడల్ తర్వాత కలపండి.

ఇంకో సంగతి. గిటారు పికప్ తన ఎదుట 5 లక్షల నుంచి 10 లక్షల ఓమ్‌ల ఇన్‌పుట్ కోరుకుంటుంది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ సాధారణంగా దానికి చాలా తక్కువ, పది వేల ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. నేరుగా గుచ్చితే గిటారు గొంతు మందగిస్తుంది. బాస్, ఐబనీజ్ వంటి కంపెనీల పాత పెడల్స్‌లో చాలావాటికి బఫర్ ఉంటుంది. కరెంటు అందుతున్నంతసేపూ, ఎఫెక్ట్ ఆపి ఉంచినా, ఆ బఫర్ గిటారు గొంతును కాపాడుతుంది. "ట్రూ బైపాస్ చేయించుకో, అదే గొప్ప" అని ఎవరైనా చెబితే తొందరపడకండి. ఎఫెక్ట్ ఆపినప్పుడు బఫర్ లేకుండా గిటారును నేరుగా ముందుకు కలిపేదే ట్రూ బైపాస్. మిక్సర్‌కు నేరుగా వాయించేవారికి ఆ మార్పు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చు.

కొనేటప్పుడు చూడవలసినవి

పాత పెడల్ కొనడానికి వెళ్లేటప్పుడు మీ గిటారు, మీ కేబుల్, కొత్త 9 వోల్టుల బ్యాటరీ వెంట తీసుకెళ్లండి. అమ్మేవారి అడాప్టర్ మీద ఆధారపడకండి. బ్యాటరీ పెట్టె తెరిచి తెల్లటి లేదా పచ్చటి పొరలు కట్టాయేమో చూడండి. జాక్ గుచ్చి మెల్లగా కదిపి చూడండి. నాబ్‌లు తిప్పితే గరగర వస్తే భయపడనక్కర్లేదు, అది చాలావరకు శుభ్రం చేస్తే పోతుంది. స్విచ్ నొక్కినప్పుడు ఒకసారి పని చేసి ఒకసారి చేయకపోతే ధర తగ్గించమని అడగండి.

మొదటి పెడల్‌గా లోపలి భాగాల కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి వచ్చే రకాన్ని ఎంచుకోండి. బెహ్రింగర్ వారి చౌక ప్లాస్టిక్ పెడల్స్‌లో భాగాలు చాలావరకు కాళ్లు లేకుండా బోర్డు ఉపరితలం మీదే అతికి ఉంటాయి. అవి వాయించడానికి బాగానే ఉంటాయి కానీ కొత్త చేతికి మార్చడం కష్టం.

మొదటి మార్పు శుభ్రం చేయడమే

బందరు, నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఉప్పుగాలి లోహాన్ని ఏం చేస్తుందో అక్కడివారికి చెప్పనక్కర్లేదు. జాక్ లోపలి రేకు మీద, బ్యాటరీ క్లిప్పు మీద, నాబ్ కింద ఉండే పాట్ లోపల కంటికి కనిపించని పొర కడుతుంది. పాత పెడల్ సన్నగా, గరగరగా పలకడానికి చాలాసార్లు కారణం అదే. ఏ భాగమూ మార్చకముందే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జాక్‌లు, క్లిప్పు తుడవండి. పాట్‌లలోకి కాంటాక్ట్ క్లీనర్ ఒకటి రెండు చుక్కలు వేసి నాబ్‌ను అటూ ఇటూ బాగా తిప్పండి. సైకిల్ గొలుసుకు వేసే నూనెలు పాట్‌లో వేయవద్దు.

ఆ తర్వాత కరెంటు. చాలా గిటార్ పెడల్స్‌కు అడాప్టర్ పిన్ను మధ్యభాగం నెగెటివ్. బజారులో దొరికే మామూలు అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్యభాగం పాజిటివ్. గుచ్చే ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి. రెగ్యులేటెడ్ అని లేని చౌక అడాప్టర్ 9 వోల్టులని రాసి ఉన్నా, ఏమీ తగిలించనప్పుడు 12 వోల్టులు దాటి చూపించవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు బుర్రుమనే మోత పెరిగితే పెడల్‌ను తప్పుపట్టకుండా బ్యాటరీ మీద వాయించి చూడండి. మోత పోతే విప్పవలసింది పెడల్ కాదు.

వానాకాలంలో వాడనప్పుడు బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ పొట్లంతో బిగుతు మూత డబ్బాలో దాచండి.

చేతికి సోల్డరింగ్ రావాలి

మన పట్టణాల్లో పాత టీవీలు బాగుచేసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. ఈ పనిలో వారిని మించిన గురువులు దొరకరు. దగ్గరికెళ్లి, "బాబాయ్, పనికిరాని బోర్డు ఒకటుంటే ఇవ్వండి, సోల్డరింగ్ నేర్చుకుంటాను" అని అడగండి. ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించేవారే ఎక్కువ. ఆ బోర్డు మీద భాగాలు తీయడం, పెట్టడం చేతికి వచ్చేదాకా పెడల్ బోర్డుకు ఐరన్ తగిలించవద్దు.

25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్ వైరు, సోల్డర్ పీల్చే పంపు, చిన్న కటింగ్ ప్లయర్, మల్టీమీటర్ ఉంటే చాలు. యాసిడ్ కలిసిన పేస్టు వాడితే కొన్నాళ్లకు బోర్డు తినేస్తుంది. ఐరన్ మొనను భాగం కాలికీ బోర్డు మీది రాగికీ ఒకేసారి ఆనించి, సోల్డర్‌ను మొనకు కాక ఆ కలిసే చోట తగిలించాలి. రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి. అంతకంటే ఎక్కువసేపు కాలిస్తే రాగి పొర లేచిపోతుంది. లోహం శుభ్రంగా లేనిదే టంకం పట్టదని చిలకలపూడి రోల్డుగోల్డు పనివారికి ఎంత బాగా తెలుసో, మీకూ అంత బాగా తెలియాలి. సోల్డర్‌లో సీసం ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోట కూర్చోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఒక్క కండెన్సర్ ఏం చేస్తుంది?

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఐబనీజ్ టీఎస్9 ట్యూబ్ స్క్రీమర్, దాని బాటలో వచ్చిన చౌక ఓవర్‌డ్రైవ్‌లు మన దగ్గర పాతవి దొరుకుతుంటాయి. వాటిలో 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ స్వరాన్ని పెంచుతుంది. దాని పక్కన 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వరుసగా ఉంటాయి. మన మెకానిక్కులు కండెన్సర్ అనేది ఈ కెపాసిటర్‌నే. దాని మీద 473 అని అంకెలుంటాయి. 47 పక్కన మూడు సున్నాలు పెడితే పికోఫారడ్లలో విలువ వస్తుంది.

ఈ రెండూ కలిసి సుమారు 720 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తాయి. ఆ గీతకు పైనున్న స్వరాలు పూర్తిగా పెరుగుతాయి. కిందికి వెళ్లేకొద్దీ పెంపు క్రమంగా తగ్గిపోతుంది. గిటారు అట్టడుగు తీగ మోగేది సుమారు 82 హెర్ట్జ్ దగ్గర. అందుకే ఈ పెడల్ తొక్కగానే మంద్రం పలచబడి, మధ్య స్వరాలు ముందుకొస్తాయి.

ఆ కెపాసిటర్ తీసి 0.1 మైక్రోఫారడ్ది, అంటే 104 అని రాసి ఉన్నది, పెడితే గీత సుమారు 340 హెర్ట్జ్‌కు దిగుతుంది. గిటారు నిండుగా పలుకుతుంది. మార్చింది కొద్ది రూపాయల భాగం ఒక్కటే. 224 పెడితే 150 హెర్ట్జ్ దగ్గరికి దిగి, మంద్రం ముద్దగా మారే ప్రమాదం ఉంది.

మరి మార్చాలా? ఇక్కడే మీ నోటుపుస్తకం అక్కరకొస్తుంది. మీ చర్చిలో కీబోర్డు ఎడమచేయి, బేస్ గిటారు, డోలక్ లేదా రిథమ్ ప్యాడ్ ఉంటే కింది స్థాయి అంతా ఇప్పటికే నిండిపోయి ఉంటుంది. అక్కడ మీ గిటారు పలచగా ఉండటమే వినిపించడానికి దారి. ఒక్కరే వాయించేవారికి, ఇద్దరు ముగ్గురే ఉన్న బృందానికి నిండుదనం కావాలి. ఒకే మార్పు ఒకరికి మేలు, ఇంకొకరికి నష్టం.

కొత్త కెపాసిటర్‌ను నేరుగా బోర్డుకు అతికించకండి. ఐసీ బేస్ కొని, అందులో రెండు కాళ్ల ముక్క కత్తిరించి బోర్డుకు సోల్డర్ చేయండి. ఇక 473, 104, 224 మూడింటినీ వేడి తగలకుండా మార్చి మార్చి గుచ్చి వినవచ్చు. తీసిన పాత భాగాన్ని చిన్న పొట్లంలో పెట్టి, పేరు రాసి, పెడల్‌తోనే ఉంచండి.

డయోడ్‌ల దగ్గర ఆగి ఆలోచించండి

స్వరాన్ని ఓవర్‌డ్రైవ్‌గా మార్చేది ఆ ఐసీ చుట్టూ ఉన్న రెండు సిలికాన్ డయోడ్‌లు. సుమారు 0.6 వోల్టులు దాటగానే అవి ధ్వని తరంగపు శిఖరాన్ని నరికేస్తాయి. వాటి బదులు ఎర్ర ఎల్ఈడీలు పెడితే 1.7 వోల్టుల వరకు ఊరుకుంటాయి. ధ్వని పెద్దదవుతుంది, స్పష్టంగా విడివిడిగా వినిపిస్తుంది, నాదం నిలిచే గుణం కొంత తగ్గుతుంది. ఒకవైపు డయోడ్‌కు వరుసలో ఇంకొకటి చేరిస్తే నరుకుడు రెండువైపులా సమానంగా ఉండదు. బాస్ ఎస్‌డీ-1 రూపొందింది ఈ పద్ధతిలోనే. మన పాటల్లో తీగ లాగి గమకం పలికించేవారికి నాదం నిలవడం చాలా అవసరం. అటువంటివారు సిలికాన్ డయోడ్‌లనే ఉంచుకోవడం మంచిది.

ఐసీ మారిస్తే ధ్వని స్వర్గానికి చేరుతుందని చెప్పేవారుంటారు. ఆ తేడా చాలా స్వల్పం. ఆ డబ్బుతో మంచి కేబుల్ కొనుక్కోండి.

వినడం కూడా పనే

కూర రుచి కుదరలేదని ఉప్పు, కారం, చింతపండు ఒకేసారి వేస్తే ఏది కుదిర్చిందో, ఏది చెడగొట్టిందో ఎవరూ చెప్పలేరు. కెపాసిటర్, డయోడ్‌లు ఒకేపూట మార్చినా అంతే. ఒకటి మార్చండి, రెండు మూడు రోజులు వాయించండి, రాసుకోండి, ఆ తర్వాతే రెండోది.

మార్పుకు ముందు, తర్వాత ఒకే పాట ముక్కను, ఒకే చోట, నాబ్‌లు ఒకే స్థితిలో ఉంచి ఫోన్‌లో రికార్డు చేయండి. ముఖ్యంగా, పోల్చే ముందు రెండు ధ్వనుల వాల్యూమ్ సమానం చేయండి. మనిషి చెవికి పెద్దగా వినిపించేదే మెరుగ్గా అనిపిస్తుంది. ఎల్ఈడీలు పెట్టినవారిలో చాలామంది మురిసిపోయేది ఆ పెరిగిన శబ్దానికే. వీలైతే స్నేహితుణ్ణి హాలు చివర నిలబెట్టి, ఏది పాతదో ఏది కొత్తదో చెప్పకుండా వాయించి అడగండి. అతనికి తేడా తెలియకపోతే ఆ సంగతి కూడా నోటుపుస్తకంలో రాయండి.

దాటకూడని గీత

9 వోల్టుల పెడల్ మూత విప్పడం వల్ల ప్రాణభయం లేదు. అడాప్టర్ మూత, ఆంప్లిఫయర్ మూత మాత్రం విప్పవద్దు. వాటిలోకి 230 వోల్టుల కరెంటు వస్తుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్లలో నిల్వ ఉండవచ్చు. మూడు పిన్నుల సాకెట్టుకు ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. మోత తగ్గుతుందని ఎర్త్ పిన్ను తీసేయడం ఎవరు చెప్పినా చేయకూడని పని.

ఈ వారం అభ్యాసం

1. మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి.
2. మీ దగ్గరున్న పెడల్‌ను, లేదా చవగ్గా దొరికిన పాతదాన్ని, శుభ్రం చేసి ముందూ తర్వాతా రికార్డు చేయండి.
3. మూత విప్పి బోర్డు రెండు వైపులా ఫోటో తీయండి. ఏ భాగమూ ముట్టుకోకండి.
4. ఫోటో చూసి కెపాసిటర్ల మీది అంకెలు, ఐసీ నంబరు పుస్తకంలో ఎక్కించండి.
5. దగ్గర్లోని మెకానిక్ వద్ద పాత బోర్డు అడిగి, సోల్డరింగ్ సాధన మొదలుపెట్టండి.
6. ఆ తర్వాతే ఒకే ఒక్క మార్పు ఎంచుకోండి. ఎందుకు ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ మార్పు చేయవద్దు.

చౌక వస్తువు మీద పని నేర్చుకునేవాడికి ఒక వెసులుబాటు ఉంది. పాడవుతుందన్న భయం చేతిని వణికించదు. ఆ వెసులుబాటును అజాగ్రత్తకు వాడకండి, నేర్చుకోవడానికి వాడండి. ఖరీదైన పెడల్ కొనే రోజు వస్తే తప్పకుండా కొనండి. అప్పటికి అందులో ఏముందో, మీకు ఏం కావాలో రెండూ తెలిసి కొంటారు. ఇక ఈ పుస్తకం పక్కన పెట్టి నోటుపుస్తకం తీయండి. నా గిటారు ఎలా పలకాలి అన్న ప్రశ్నకు మీ జవాబు ఈ పూటే రాయండి.